ముదలియార్‌పేటలో నా వంతు చీర

పుదుచ్చేరికి నేను సముద్రం చూడ్డానికి వెళ్లలేదు. చెల్లెలు సుజాత పోయి ఐదు నెలలు. దాని బిడ్డను నెల్లూరు తెచ్చి పెంచుకుందామని వెళ్లాను. బిడ్డకు ఆరు నెలలు. తండ్రి శేఖర్‌కు సేదరపేట్ ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. ఆడదిక్కు లేని ఇల్లు కాబట్టి బిడ్డను ఇరుగుపొరుగు ఇళ్లకు తిప్పుతున్నారని విన్నాను. పదిమందిలో పాము చావదంటారు, ఇక పదిమందిలో బిడ్డేం పెరుగుతుంది? ఫోన్లో అడిగితే శేఖర్, "మీ ఇష్టం వదినా" అన్నాడు.

పొద్దున ఆరింటికి రైలెక్కితే తొమ్మిదిన్నరకు చెన్నై. స్టేషన్ బయట ఇడ్లీ తిని, బస్టాండుకు వెళ్లి, సముద్రం పక్క రోడ్డున పోయే పుదుచ్చేరి బస్సు పట్టుకున్నాను. మీరు వెళ్తే ఎడమవైపు కిటికీ చూసుకోండి. సముద్రం కనబడుతూ మాయమవుతూ ఉంటుంది, మరక్కాణం దగ్గర ఉప్పు మడులు వస్తాయి. తెచ్చుకున్న పులిహోర బస్సులోనే తిన్నాను గానీ రుచి తెలియలేదు.

నేను ఫోన్లో మాట్లాడుతుంటే విని, పక్క సీటావిడ పలకరించింది. పుదుచ్చేరి బజార్లో వాళ్లకు బట్టల కొట్టుందట.

"తెలుగోళ్లా? యాడికి పోతాండారు?"

చెప్పాను.

"బిడ్డ నాయన సరే అన్నాడా?"

"అన్నాడు."

"ఊరికే అన్నాడా, మనసుగానే అన్నాడా?"

ముక్కూ మొహం తెలియని మనిషికి ఈ ఆరాలెందుకని చిరాకేసి, కిటికీవైపు తిరిగి కూర్చున్నాను.

రెండున్నరకు దిగాను. బస్టాండు నుంచి ముదలియార్‌పేటకు టౌను బస్సులున్నాయి, సామాను ఎక్కువైతే ఆటో మేలు. శేఖర్ సందు మొదట్లో నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఇంటి గుమ్మం పక్కన, జిప్పు వేసిన సంచీ సిద్ధంగా ఉంది.

"బిడ్డ బట్టలన్నీ సర్ది పెట్టినా వదినా."

"బిడ్డేదీ?"

"ఎదురింటి కుప్పమ్మత్త కాడుండాది. ఈ పొద్దు ఆమె వంతు."

వంతా! బిడ్డేమన్నా తోమాల్సిన అంట్లా? ఒళ్లు మండిపోయి ఎదురింట్లోకి నడిచాను.

కుప్పమ్మ ఆరు పదులు దాటిన మనిషి. తాతలనాడే ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. దూలానికి చీర ఉయ్యాల వేలాడుతోంది. నీలం మీద పసుపు చుక్కల నూలు చీర. నాది కుట్టుపని. ఆ చీరకు ఫాల్ వేసి సుజాతకు ఇచ్చింది నేనే.

"పోయిన మనిషి చీరలోనా పసిబిడ్డను పడుకోబెట్టేది?" గట్టిగానే అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "మెల్లిగా మా, నిద్రపోతాంది. వాళ్లమ్మ పోయినాక ఏ ఇంట్లో పండబెట్టినా ఒకటే ఏడుపు. మాకెవురికీ కునుకు లేదు. అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చి, అమ్మ చీరతో తూళి ఉయ్యాల కట్టి చూడండి అనింది. కడితే, ఇట్ల వేస్తానే పండుకునింది. అప్పుడు శేఖరు ఇంటికొక చీర తెచ్చిచ్చినాడు."

"ఇంటికొకటా?"

ఆమె నన్ను వెంటబెట్టుకుపోయి చూపించింది. పక్కింటి సెల్వి ఇంట్లో ఆకుపచ్చ చీర. తమిళ పిల్ల, తన కొడుకుతోపాటు మా బిడ్డకూ పాలిస్తోంది. చివరింట్లో, పెళ్లికి నేను పెట్టిన గళ్ల చీర. శేఖర్ ఇంట్లో, సుజాత రోజూ కట్టుకుని వెలిసిపోయిన వంగపండు రంగుది. శేఖర్ షిఫ్టును బట్టి బిడ్డ పడుకునే ఇల్లు మారుతుంది, ఉయ్యాల మాత్రం వాళ్లమ్మదే. అంగన్‌వాడీలో బిడ్డను తూచే రోజున ఈ ఆడవాళ్లంతా కలిసి వెళ్తారట. ముల్లు పైకి పోయిందంటే సందంతా పండగేనట.

"చీరల్లో ఇంకా సుజాత వాసన ఉంటుందా పెద్దమ్మా?"

"ఎన్ని తూర్లు ఉతికినామో! వాసన యాడుంటాది? అలవాటు మా. బిడ్డకీ, మాకీ."

అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను. సుజాత పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. కుప్పమ్మ ఓదార్చలేదు, మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది.

సాయంత్రం శేఖర్ ఆ సంచీలో ఇంకేదో కుక్కుతుంటే, "విప్పేయ్ శేఖర్, బిడ్డ ఇక్కడే ఉంటుంది" అన్నాను. అతను గుమ్మంలో కూలబడి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

"అమ్మ మాదిరి పెంచింది మా అక్క అని సుజాత ఎప్పుడూ చెప్తాండె. మీరడిగినాక ఎట్ల కాదనేది వదినా?"

మర్నాడు పది గంటల బస్సుకు బయల్దేరాను. బిడ్డ నా వేలు పట్టుకుని వదల్లేదు. మెల్లిగా విడిపించుకోవలసి వచ్చింది. కుప్పమ్మ మడత పెట్టిన చీరొకటి చేతిలో పెట్టింది. గంధం రంగుది, అదీ సుజాతదే.

"ఇది నీ వంతు. సెలవులు దొరికితే శేఖరు బిడ్డను పిలుచుకోనొస్తాడు. నీ ఇంట్లో అది ఏడవకూడదు గదా."

చెన్నైలో సాయంత్రం రైలు దొరికింది. ఎదుటి బెర్తు ఆవిడ నా ఒళ్లో మడత చూసి, "చీర బాగుంది, పుదుచ్చేరిలో కొన్నారా?" అంది. మా చెల్లెలిదని చెప్పాను. పదిమందిలో పాము చావదన్న మాట నిజమే కావచ్చు. అది పాముల సంగతి. బిడ్డ పెరగడానికి పదిమంది కావాలని ఆ సందులో నా కళ్లతో చూశాను.

నెల్లూరులో దిగేసరికి చీకటి పడింది. ఇనప సామాన్ల కొట్టాయన తలుపులు వేస్తుంటే ఆపి, ఉయ్యాల కొక్కెం అడిగాను.

"ఎంత బిడ్డకమ్మా?"

"పెరిగే బిడ్డకయ్యా. గట్టిదివ్వు."