ఊటవంక దాటే బండి

గంగాధరప్ప పాత జీపు కొన్నప్పుడు దిగువ గుండ్లపల్లిలో నవ్వనివాళ్ళు తక్కువ. సకలేశపురం వైపు కాఫీతోటల్లో పదేళ్ళు బురద తొక్కి, అలసిపోయి అమ్మకానికి వచ్చిన బండి అది. తలుపులు లేవు. పైన పట్టా చిరిగిపోయింది. డ్రైవరు సీటు కింద ఎలుకలు గూడు పెట్టి ఉన్నాయి. దుక్కిటెద్దుల జత వస్తుంది కదా ఆ డబ్బుకు, ఈ ఇనుపముక్క ఎందుకని మామగారు ముఖం మీదే అడిగాడు. గేరురాడ్డు పక్కన ఇంకొక చిన్న లివరు ఉంది. దాన్ని వెనక్కి లాగితే ముందుచక్రాలు కూడా లాగడం మొదలుపెడతాయి. గంగాధరప్ప కొన్నది ఆ లివరు కోసమే.

బాగేపల్లి నుంచి వచ్చే తారురోడ్డు దిగువ గుండ్లపల్లితో ఆగిపోతుంది. అక్కడి నుంచి కొండ మీది ఎగువ గుండ్లపల్లికి మూడు కిలోమీటర్ల మట్టిబాట. ఆ బాట మధ్యలో ఊటవంక. ఎండాకాలంలో కూడా ఆ వంక అడుగున చెమ్మ ఆరదు. నాలుగు చినుకులు పడితే చాలు, అవతలి గట్టు ఎర్రమట్టి సబ్బు పూసిన బండలా తయారవుతుంది. ట్రాక్టర్లు కూడా వెనక్కి జారిన చోటు అది. గంగాధరప్ప జీపు మాత్రం చిన్న లివరు లాగగానే ఒకసారి మూలిగి, గొంగళిపురుగులా పాకుతూ పైకి ఎక్కేది.

అలా ఇరవైనాలుగేళ్ళు నడిచింది. పై ఊళ్ళో పంతొమ్మిది ఇళ్ళు. వాళ్ళ టమోటాలు చింతామణి మార్కెట్టుకు పోవాలన్నా, రేషన్ బియ్యం పైకి రావాలన్నా, ఓట్ల పెట్టెలు ఎక్కాలన్నా దిగాలన్నా ఆ జీపే. అందులో నలుగురు పిల్లలు పుట్టారు. ఒక పిల్లకు ఏకంగా జీపమ్మ అని ముద్దుపేరు పెట్టారు. చచ్చిపోయినవాళ్ళు ఎంతమంది అందులో ఇంటికి తిరిగి వచ్చారో ఆయన లెక్క పెట్టుకోలేదు. బాడుగ ఉన్నవాళ్ళు ఇచ్చేవాళ్ళు, లేనివాళ్ళు శెనక్కాయలో ఉలవలో తెచ్చి ఇంట్లో పోసేవాళ్ళు. భార్య మునిరత్నమ్మ ఏ రోజూ గొణగలేదు.

రెండేళ్ళ కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఆ చిన్న లివరు పట్టుకోవడం మానేసింది. లాగితే కింద ఎక్కడో పళ్ళు కొరికినట్టు చప్పుడు, అంతే. ముందుచక్రాలు కదల్లేదు. గంగాధరప్ప బండిని నెమ్మదిగా చింతామణికి తోలుకొని పోయి ఆదినారాయణప్ప షెడ్డులో పెట్టాడు. ఆదినారాయణప్ప ముప్పై ఏళ్ళుగా జీపులు తప్ప వేరే బండి ముట్టని మేస్త్రీ. కిందికి దూరి చూసి, నూనెచేతులు పాతగుడ్డకు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"రెండు దోవలుండాయప్పా," అన్నాడు. "ఇంజను దించి బోరు పని చేపియ్యల్ల. గేరుబాక్సు, ముందు ఆక్సిలు కొత్తవి ఎయ్యల్ల. బ్రేకులు మార్చల్ల. అట్ల చేస్తే ఇంగా పదైదేండ్లు నీకు తోడుంటాది. లేదంటే దీన్ని ఇచ్చేసి కొత్త పికప్పు తెచ్చుకో. రెండిట్లో యాదైనా ఒగటే. నడిమద్దెన అతుకులేసేది మాత్రం నేను చెయ్యను."

రెండింటికీ అయ్యే ఖర్చు ఇంచుమించు ఒకటే. అందుకే ఆయనకు నిద్ర పట్టకుండా పోయింది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే మనసు దానంతటదే ఒకవైపు మొగ్గేది.

కూతురు మంజుశ్రీ చిక్కబళ్ళాపురలో తాలూకా కచేరీలో గుమాస్తా. ఆదివారం వచ్చినప్పుడు ఆమె తేల్చి చెప్పింది. అంత పాత బండికి రవాణా ఆఫీసులో ఎఫ్‌సి చేయించడమే గగనమవుతుందని, రేపోమాపో రోడ్డు మీదికే రానివ్వరని, పట్టాకింద తడుస్తూ చలికి వణుకుతూ తోలే వయసు దాటిపోయిందని అంది. ఆమె మాటలో అబద్ధం లేదు. గంగాధరప్పకు యాభై ఏడు నిండాయి. స్టీరింగు తిప్పితిప్పి కుడి భుజం పట్టేసి, చొక్కా తొడుక్కోవడానికి కూడా మునిరత్నమ్మ సాయం చేయాల్సి వచ్చేది.

అయినా ఆయన పై ఊరివాళ్ళను అడగకుండా ఏమీ చేయదలచుకోలేదు. ఎగువ గుండ్లపల్లిలో నంజప్ప ఆయనకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. నంజప్పకు, ఆయన భార్య సుజాతమ్మకు పిల్లలు లేరు. మూడెకరాల చేను, రెండు ఆవులు, అంతే వాళ్ళ లోకం. గంగాధరప్ప ఎప్పుడు పైకి పోయినా సుజాతమ్మ సంగటి పెట్టనిదే పంపదు. ఆ రోజు కూడా తిని చేయి కడుక్కున్నాక విషయం ఎత్తాడు.

నంజప్ప నవ్వి, గూట్లో మడిచిపెట్టిన కాగితం తెచ్చి చూపించాడు. ఊటవంక మీద సేతువె, అంటే వంతెన, మంజూరైందని పంచాయతీవాళ్ళు ఇచ్చిన నకలు అది. కింద ముద్ర కూడా ఉంది.

"వానలు పడేలోపల కట్టేస్తారంట. కొలతలు తీసుకోని పోయినారు," అన్నాడు. "సేతువె వొచ్చినాక ఏ బండైనా ఎక్కుతాది. మా కోసం ఆ పాత గుజిరీ బండి పెట్టుకోని యాడ చస్తావు? అమ్మెయ్ గంగాధరా."

సుజాతమ్మ కూడా తలూపింది. భుజం నొప్పి మాట ఆమెకూ తెలుసు.

ఇంటికి వచ్చి మునిరత్నమ్మకు చెబితే ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఒక్కమాట అంది. "సేతువె వొచ్చినాక అమ్మితే ఏమి?"

ఆ మాటకు గంగాధరప్ప దగ్గర జవాబు లేకపోలేదు. షెడ్డులో ఊరికే పడి ఉన్న బండికి బేరం నిలవదు. నంది కొండల కింద రిసార్టు కడుతున్నవాళ్ళు ఇలాంటి పాత జీపు కోసం వెతుకుతున్నారని, ఈ నెలలోనే కావాలంటున్నారని ఆదినారాయణప్ప కబురు పెట్టాడు. భుజం ఓర్చుకోవడం లేదు. ఇవన్నీ నిజాలే. ఆయన అమ్మేశాడు. జీపును తీసుకుపోవడానికి రిసార్టు మనిషి వచ్చినప్పుడు షెడ్డు దగ్గర ఉండకుండా మార్కెట్టు వైపు వెళ్ళిపోయి, టమోటా వేలం చూస్తూ నిలబడ్డాడు.

కొత్త పికప్పు తెల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. వెనక రెండు చక్రాలు మాత్రమే లాగే బండి. కానీ తలుపులున్నాయి, అద్దాలున్నాయి, స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది. ఆ ఎండాకాలం గంగాధరప్ప హాయిగా ఉన్నాడన్న మాట దాచిపెట్టడం అన్యాయం. చింతామణికి రోజుకు రెండు ట్రిప్పులు వేశాడు. మునిరత్నమ్మను పక్కన కూర్చోబెట్టుకొని కైవారం గుడికి తీసుకుపోయాడు. భుజం నొప్పి సగం తగ్గింది.

సేతువె పనికి మనుషులు వచ్చారు. వంకకు ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి స్తంభాలకు గుంతలు తవ్వారు. ఇనుపచువ్వలు దించారు. ఆపైన కాంట్రాక్టరు మరో పని మీద పోయాడని అన్నారు. చువ్వలు తుప్పు పట్టడం మొదలుపెట్టాయి. ముసురు వానలు అలాగే దాటిపోయాయి. పై ఊరివాళ్ళు టమోటా పెట్టెలు వంక దాకా నెత్తిన మోసుకొచ్చి ఇవతల పికప్పుకు ఎత్తేవాళ్ళు. ఇంకొన్నాళ్ళే కదా అని అందరూ సర్దుకున్నారు.

అక్టోబరులో తుపాను పట్టింది. నాలుగు రోజులు వాన ఆగలేదు. చేలో శెనక్కాయ మొలకెత్తిపోతుందని, ఐదోరోజు పొద్దున కాస్త తెరపి ఇవ్వగానే అందరూ పీకడానికి దిగారు. పదకొండు గంటలకు గంగాధరప్పకు నంజప్ప ఫోను చేశాడు. గొంతు మామూలుగానే ఉంది, అదే ఆయనను భయపెట్టింది.

"సుజాతకు రక్తపింజరి కరిచింది. కాలు వాస్తాండాది. వొస్తావా?"

గంగాధరప్ప చెప్పులు కూడా వేసుకోలేదు. మునిరత్నమ్మ అంబులెన్సుకు ఫోను చేస్తుండగానే పికప్పు బాట పట్టింది. వంకలో నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి, బండి దాటింది. అవతలి గట్టు మొదలైంది. సగం ఎక్కేసరికి వెనకచక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. ఆయన వెనక్కి దించి మళ్ళీ ఊపుతో ఎక్కించాడు. దిగి రాళ్ళు వేశాడు, కంప నరికి చక్రాల కింద తొక్కించాడు. నాలుగోసారి బండి అడ్డంగా జారింది. జారి జారి, స్తంభానికి తవ్విన గుంతలో వెనకచక్రం దిగబడి, ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది.

ఆయన స్టీరింగు వదిలి చేతులతో పాకుతూ గట్టెక్కి పైకి పరిగెత్తాడు. సగం దారిలో వాళ్ళు ఎదురొచ్చారు. నులకమంచం మీద సుజాతమ్మను పడుకోబెట్టి ఎనిమిదిమంది మోస్తున్నారు. ఆమెకు తెలివి ఉంది. గంగాధరప్పను చూసి, నీ కాలికి రక్తం కారుతోందని చెప్పింది. ఆయనకు అప్పటిదాకా తెలియలేదు.

ఆ బురదలో మంచం దించడం అంటే మాటలు కాదు. రెండుసార్లు మోసేవాళ్ళు జారి మోకాళ్ళ మీద పడ్డారు. వంక దాటి, దిగువ ఊళ్ళో తారురోడ్డు మీద నిలబడి ఉన్న అంబులెన్సు దాకా చేరేసరికి రెండున్నర దాటింది. అప్పటికే సుజాతమ్మ పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. జీపు ఉన్నప్పుడు పై ఊరి నుంచి తారురోడ్డుకు పాతిక నిమిషాలు పట్టేది.

బాగేపల్లిలో మందు ఎక్కించి చిక్కబళ్ళాపురకు పంపారు. అక్కడ కిడ్నీలు పనిచేయడం మానేశాయి. మూడు రోజులు నంజప్ప, గంగాధరప్ప ఆస్పత్రి వరండాలో ఒకే గోడకు ఆనుకొని కూర్చున్నారు. మంజుశ్రీ ఆఫీసుకు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి అన్నం తెచ్చిపెట్టేది. ఆమె తండ్రి వంక సూటిగా చూడలేకపోయింది. మూడోరోజు పొద్దెక్కాక నర్సు వచ్చి నంజప్పను లోపలికి పిలిచింది.

ఆయన తిరిగి వచ్చి మళ్ళీ అదే చోట కూర్చున్నాడు. చెప్పాల్సిన పని లేకపోయింది. గంగాధరప్పే ముందు మాట్లాడాడు.

"జీపుండింటే బతికుండునప్పా."

"అమ్మమని చెప్పింది నేనే గదా," అన్నాడు నంజప్ప.

ఆ తరువాత వాళ్ళిద్దరూ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఇంకే సంగతీ ఎక్కువగా మాట్లాడుకోలేదు. ఒకళ్ళ మీద ఒకళ్ళకు కోపం ఉంటే తిట్టుకొని తీర్చుకునేవాళ్ళు. ఇద్దరికీ ఎదుటివాడి ముఖం చూస్తే తన తప్పే కనబడేది. కర్మాంతరం నాడు గంగాధరప్ప వంక దాటి నడిచిపోయి, ఇంత తిని, నడిచే తిరిగి వచ్చాడు. ఊళ్ళో ఎవరూ ఆయనను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండునని ఆయన మునిరత్నమ్మతో అన్నాడు.

సంక్రాంతి దాటాక ఆయన నంది కొండల కిందికి పోయాడు. రిసార్టు ముందు గడ్డి పెంచిన చోట జీపు ఉంది. ఎర్రరంగు వేశారు. ఎత్తైన టైర్లు, ముందు నాలుగు లైట్లు. తెల్లవారుజామున సూర్యోదయం చూడటానికి బెంగుళూరు నుంచి వచ్చేవాళ్ళను గుట్ట మీదికి ఎక్కిస్తుందట. తిరిగి కొనుక్కుంటానని గంగాధరప్ప అడిగితే అక్కడి మేనేజరు మర్యాదగానే కుదరదన్నాడు. ఇది ముసలాయన తోలిన బండేనని తెలిసి, కావాలంటే ఒకసారి ఎక్కి కూర్చోమన్నాడు. గంగాధరప్ప కూర్చున్నాడు. చిన్న లివరు మీద చేయి వేసి లాగాడు. అది మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చి పడింది. ఆదినారాయణప్ప చెప్పిన పనులన్నీ వాళ్ళు చేయించారు. ఆయన దిగి మేనేజరుకు దండం పెట్టి బస్టాపు దాకా నడిచాడు.

ఆ వారమే పికప్పును అమ్మకానికి పెట్టాడు. మంజుశ్రీ ఏడ్చింది. పోయినావిడ తిరిగి రాదు కదా నాయినా అంది. మునిరత్నమ్మ కూతురి చేయి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది. ఆదినారాయణప్ప ఊరూరా వెతికి, మడకశిర దగ్గర కోళ్ళఫారం వెనక పదేళ్ళుగా పడి ఉన్న ఒక జీపు మొండెం పట్టుకొచ్చాడు. ఇంజను ఒకచోట, ఆక్సిలు ఒకచోట దొరికాయి. మూడు నెలలు గంగాధరప్ప రోజూ బస్సెక్కి షెడ్డుకు పోయి, పట్టకారు అందిస్తూ, బోల్టులు కిరసనాయిలులో కడుగుతూ కూర్చున్నాడు. మేస్త్రీ ఒక్కసారి కూడా ఇంటికి పొమ్మనలేదు.

జూన్ వానల్లో కొత్తగా కూర్చిన జీపు ఊటవంక దాటింది. నాలుగు చక్రాలూ మట్టిని కరిచి పట్టుకొని గట్టెక్కాయి. సేతువె గుంతల్లో కప్పలు అరుస్తున్నాయి. పైకి పోయి చూస్తే పది ఇళ్ళకు తాళాలు. సుజాతమ్మ పోయాక చిన్నపిల్లలున్నవాళ్ళు ముందు కదిలారు. బాగేపల్లిలో బాడుగ ఇళ్ళకు కొందరు, చిక్కబళ్ళాపుర పూలమార్కెట్టులో కూలికి కొందరు. మిగిలినవాళ్ళు బయటికి వచ్చి, బండి చుట్టూ నిలబడి చూశారు.

ఆ నెలలోనే నంజప్ప కబురు పెట్టాడు. మంచేనహళ్ళిలో తమ్ముడి దగ్గరికి పోతున్నాడు, ఆవుల పాలు అక్కడి డైరీకి పోసుకొని బతుకుతాడట. సామాను దించాలి. ఇద్దరూ కలిసి బీరువా, రెండు పెట్టెలు, వంటసామాను, తిరగలి ఎక్కించారు. నులకమంచం బయటే ఉంది. గంగాధరప్ప దాన్ని ఎత్తబోతే నంజప్ప అడ్డం వచ్చి, వద్దని తల ఊపాడు. దాన్ని అక్కడే వదిలేసి ఇంటికి తాళం వేశాడు.

దారంతా వాన. గట్టు దిగేటప్పుడు గంగాధరప్ప చిన్న లివరు లాగాడు. నంజప్ప ఆ చేతి వైపు ఒకసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. మంచేనహళ్ళిలో సామాను దించాక తమ్ముడి భార్య కాఫీ ఇచ్చింది. గంగాధరప్ప బండి ఎక్కుతుంటే నంజప్ప దగ్గరికి వచ్చి పట్టా మీద చేయి పెట్టాడు.

"పైన ఇంగా ఎనిమిదిండ్లుండాయి," అన్నాడు.

"ఉండాయి," అన్నాడు గంగాధరప్ప.

ఇప్పుడు ఆ ఎనిమిదిలో ఆరే మిగిలాయి. గంగాధరప్ప భుజం మళ్ళీ పట్టేసింది. ఎండ కాసిన రోజుల్లో చింతామణికి టమోటా తోలుతాడు. మబ్బు పట్టిందంటే మాత్రం జీపును ఊటవంక వైపు తిప్పి నిలబెట్టుకొని, ఎవరు ఎంత బాడుగ ఇస్తామన్నా ఊరు దాటడు.