జాబితాలో లేని లింబాద్రి: బోధన్ మీదుగా రుద్రూర్ దాకా

నైజీరియాలో లస్సా జ్వరం మీద పనిచేసే బృందంలో ఏడాదిన్నర ఉన్నాను. రోగిని ఎవరెవరు తాకారో కనుక్కొని జాబితా రాయడం నా పని. అందులో ఉన్నవారికి ఇరవై ఒక్క రోజులు జ్వరం చూస్తూ ఉంటాం. అలా నేను రాసిన ఒక జాబితాలో లింబాద్రి పేరు లేదు. ఆయనది రుద్రూర్ దగ్గరి పల్లె. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బాయిలర్ పని వెతుక్కుంటూ నైజీరియాలో ఒక మిల్లుకు వచ్చాడు. ఆ జ్వరంతోనే పోయాడు. అక్కడే పూడ్చిపెట్టారు. నా వల్ల జరిగిన తప్పును ఆయన భార్య గంగమణికి ఎదురుగా కూర్చుని చెప్పాలని, హైదరాబాద్ తిరిగొచ్చిన రెండో వారంలో బయలుదేరాను.

కాచిగూడలో ఉదయం ఏడింటికి రైలెక్కితే పది దాటాక నిజామాబాద్‌లో దిగాను. స్టేషన్ నుంచి బస్టాండ్‌కు నడిచి పోవచ్చు. బోధన్ బస్సులు వెంటవెంటనే ఉంటాయి, గంటలోపు ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. బోధన్ బస్టాండ్ ఎదుట చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు మరాఠీలో చెరకు ధర మాట్లాడుకుంటున్నారు. అక్కడి నుంచి రుద్రూర్‌కు మరో బస్సు, ఆ తర్వాత ఆటో. మనిషికి ముప్పై అన్నాడు డ్రైవర్. ఎవరింటికో చెప్పగానే బండి నెమ్మది చేశాడు.

"గా ఆఫ్రికా జెరం ఇంటికా అక్కా? మలుపు కాడ దించుత. లోపలికైతె రాను."

"ఆయన చనిపోయింది అక్కడే కదా, ఇంటికి తిరిగి రానేలేదు," అన్నాను.

"ఏమో అక్కా. పిల్లలు గలోన్ని. మనకెందుకు?"

మలుపు దగ్గర దిగి చెరకు తోటల మధ్య పావుగంట నడిచాను. గంగమణి అరుగు మీద ఒంటరిగా కూర్చుని బీడీలు చుడుతోంది. నలభై దాటి ఉండవు. ముందు రోజు ఫోన్‌లో మాట్లాడాను కాబట్టి గొంతు గుర్తుపట్టింది. చెంబుతో నీళ్లు తెచ్చి, నా చేతికివ్వకుండా అరుగు అంచున పెట్టింది.

"తాగుతవా అక్కా? మా ఇంట్ల నీళ్లు ఎవలు తాగుతలేరు. ఐదుగురం కలిసి చుట్టేటోళ్లం. ఇప్పుడు ఒక్కదాన్నే."

చెంబెత్తి నీళ్లన్నీ తాగేశాను. ఆమె కళ్లు నిండాయి. కంపెనీ కాగితంలో జ్వరం అని ఒక్క ముక్కే ఉందట. ఊళ్లో మాత్రం తలా ఒక మాట అన్నారట, చెడు తిరుగుళ్లు తిరిగాడని కూడా.

"గా జెరం ఎట్లచ్చిందక్కా ఆయనకు?"

దానికోసమే వచ్చాను కనుక ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడి ఇళ్లలో తిరిగే ఒక రకం ఎలుక మూత్రం పిండిలోనో గింజల్లోనో పడితే ఈ జ్వరం మనిషికి వస్తుంది. ఆ మనిషి వాంతులు, రక్తం ముట్టుకుని సేవ చేసినవాళ్లకు అంటుకుంటుంది. మిల్లు మెస్‌లో వంట చేసే మూసాకు ముందు వచ్చింది. అతను లింబాద్రి గదిలోనే పడుకునేవాడు.

"మూసా నాకెరుకే," అంది గంగమణి. "వాని ముచ్చట ఆయన ఫోన్ల రోజు చెప్పేటోడు."

మూసాను వాళ్ల అన్న ఆసుపత్రికి తెచ్చాడు. నేను ఆ అన్న ఇంటికి వెళ్లి అక్కడున్నవాళ్ల పేర్లన్నీ రాసుకున్నాను. అంతకుముందు జ్వరంతో ఆరు రోజులు మూసా ఎక్కడ పడుకున్నాడని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే లింబాద్రికి జ్వరం తగిలిన రోజే తీసుకొచ్చేవాళ్లం. మందు మొదటి రోజుల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది. ఆయన మలేరియా అనుకుని తొమ్మిది రోజులు ఆ మాత్రలే మింగాడు. "తప్పు నాది గంగమణీ," అన్నాను.

ఆమె నా మాట విన్నట్టు లేదు. చేతిలో ఆకు అలాగే ఉంది.

"మూసా వాంతులు ఎత్తిపోస్తున్న, భయమైతుంది, వేరే రూంలకు పోత అన్నడక్కా. నేనే వద్దన్న. 'వాని తల్లి ఏడనో ఉన్నది, నువ్వు గూడ ఇడిసిపెడితె ఎట్ల? రేపు నీకైతె వాడు సూడడా?' అన్న." ఆకు కింద పెట్టి, "అంటె నేనే సంపుకున్న గద," అంది.

కాదన్నాను. రెండుసార్లు, మూడుసార్లు అన్నాను. మనిషిని చూసుకోమనడం తప్పెట్లా అవుతుందన్నాను.

"నువ్వు అడుగుడు యాది మరిసినవు అక్కా, గంతే. నేనైతె నోరార చెప్పిన."

ఏదో ఒకటి చెయ్యాలని ఎదురింటికి వెళ్లాను. ఆయన అక్కడే పోయాడని, బట్టలు కూడా రాలేదని, గంగమణి నుంచి ఎవరికీ ఏమీ అంటదని ఆ ఇంటావిడకు నచ్చజెప్పాను. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని అంతా విని, "గట్లనా," అని తలుపు వేసుకుంది. తిరిగొచ్చేసరికి గంగమణి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సాయంత్రం రైలుకు నాకు టికెట్ ఉంది. మూడింటికి లేచాను. "పోయొస్త," అంటే తల ఊపింది, అంతే.

ఆఫ్రికాలో మాకు నేర్పింది ఒకటే: జ్వరం ఎవరి నుంచి ఎవరికి పోయిందో తేలితే గొలుసు తెగుతుంది. ఇక్కడ అది తేలింది. తెగిందేమీ లేదు. నేను నా తప్పు దించుకోవడానికి పోయి, అంతవరకూ ఆమెకు లేని తప్పును ఆమె నెత్తిన పెట్టి వచ్చాను. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అబద్ధం చెప్పి ఉండాల్సిందా అంటే, అదీ తెలియదు.

దూరదేశంలో పోయినవారి కబురు మోసుకుని ఇలాంటి ఊరికి వెళ్లేవారికి ఒక్క మాట: అదే రోజు తిరుగు టికెట్ తీసుకోకండి. బోధన్‌లో లాడ్జీలున్నాయి, పొద్దున్నే రుద్రూర్‌కు బస్సుంది. మర్నాడు మళ్లీ వెళ్లి ఆ అరుగు మీద కూర్చోండి.