గిర్దావరు ఇంటామె మాట

మా ఇంటి వసారాలో కూర్చునే తెలుగు రచయితల సంఘంలో తెలుగు అక్షరాలు రాయడం వచ్చినవారు ఒక్కరే. చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. తుంగభద్ర కాలువ నీళ్ళు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో కన్నడ సీమలోని మా కవితాళ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు, తెలుగు బడికే కొదవ. నైజాం కాలంలో చదువుకున్నవాళ్ళకు ఉర్దూ వచ్చింది. తర్వాత చదువుకున్నవాళ్ళకు కన్నడం వచ్చింది. తెలుగు మాత్రం ఇంట్లో ఉండిపోయింది, ఆడవాళ్ళలాగే.

మా ఆయన కన్నడ బడిపంతులు, సంఘానికి కార్యదర్శి. తెలుగు కవిత్వాన్ని కన్నడ అక్షరాల్లో రాసేవారు. దాన్నిండా వెన్నెల. మా ఇంట్లో కిరసనాయిలుకు ఎప్పుడూ కరువే కనుక ఆ వెన్నెల ఎందుకో ఒకందుకు పనికొస్తుందని సరిపెట్టుకునేదాన్ని. కల్లూరు నుంచి వచ్చి బజారులో మిషను పెట్టుకున్న దర్జీ ఇంకొకడు. భజన పాటలు కట్టేవాడు. సంతకం తప్ప ఏ అక్షరమూ రాదు. కాగితం ఏదని మా ఆయన అడిగితే, "నాలిక మీదుంది సారూ. నాలిక ఇంట్ల మరిచి రాను గద" అనేవాడు.

మూడోవారు గిర్దావరు గారు. నైజాం సర్కారులో ఊరూరా తిరిగి పటేళ్ళ లెక్కలు, పొలాల కొలతలు తనిఖీ చేసే ఉద్యోగం అది. ఉద్యోగం పోయి చాలా ఏళ్ళయినా పేరు మాత్రం పోలేదు. ఆయనది మా పుట్టిల్లు ఉన్న యరగేర వైపే కాబట్టి నన్ను బిడ్డా అనేవారు. ఆయన తెలుగును ఉర్దూ అక్షరాల్లో రాసేవారు. ఇక నాలుగోవారు కృష్ణ ఒడ్డు నుంచి వచ్చి కాలువ కింద వరి వేసిన క్యాంపు రైతు. అలా వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను క్యాంపులనేవారు. తెలుగు అక్షరాలు తెలిసిన ఆ ఒక్కరూ ఈయనే. ముత్యాల్లాంటి చేతిరాత. దర్జీ ఆయన్ను సావుకారూ అంటే, గిర్దావరు గారు కాల్వ సావుకారూ అనేవారు. ఆయనేమో అందరినీ గారూ అనేవారు, మా మేకను తప్ప.

నాకు పాలమూరులో మేనత్త ఇంట్లో ఉండగా రెండు తరగతుల తెలుగు వచ్చింది. కానీ నేను సభ్యురాలిని కాను, ఒగ్గరణి చేసేదాన్ని. ఒగ్గరణి అంటే బొరుగుల తాలింపు. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటే సంఘానికి పూర్తి హాజరు, లేకపోతే సగం.

ఒకరి రాత ఇంకొకరు చదవలేరు కనుక ఎవరిది వారే బయటికి చదవాలని నియమం. అందువల్ల ఒక మేలు జరిగింది. ఒకరి కాగితం మీద ఇంకొకరు గీతలు గీసే వీల్లేక సంఘంలో ఎన్నో ఏళ్ళు తగాదా రాలేదు. చెవికి బాగుంటే శభాష్, లేకుంటే ఇంకో బజ్జీ.

గిర్దావరు గారు మొదట తన ఉద్యోగం గురించి, గుర్రం గురించి రాసేవారు. భార్య పోయాక అవి ఆగిపోయాయి. ఒకనాడు కొత్త కాగితాలు తెచ్చి చదివారు. అందులో కథ లేదు. పొద్దున చీపురు పట్టిన దగ్గర్నుంచి దీపం పెట్టేదాకా ఆవిడ ఆయన్ను తిట్టిన తిట్లు. అంతే. ఆ తిట్లు తప్పించుకోవడానికే ఆయన గుర్రమెక్కి తాలూకా అంతా తిరిగారని మా వైపు అనుకునేవారు. ఇప్పుడు ఒక్క తిట్టు కూడా పోకుండా ఏరి తెచ్చుకున్నారు.

అందులో ఒక మాట దగ్గర అందరం నవ్వాం. చాటలో జొన్నలు పోసి కొలిచివ్వమని ఆవిడ అడిగితే ఈయన లెక్క తప్పారట. "ఓ మనిషీ, సర్కారు భూమంత కొలిస్తివి, ఇంట్ల జొన్నలు కొలవనీకె శాతకాదా?" అన్నదట. వంటింటి గడపలో నిలబడి విన్న నాకు మా అమ్మ వచ్చి వెనక నిలుచున్నట్టయింది.

అందరూ వెళ్ళాక ఆయన టీ గ్లాసు ఇస్తూ నాతో అన్నారు. "ఆమెది ఒక్క ఫోటో లేదు బిడ్డా. తీపిద్దామంటె, నా మొగం నాకెరుకె, నీకెరుకె, ఇంకెవనికి గావాలె అనె. మొగం పాయె. గొంతన్న ఉండాలె."

ఆ గొంతు నిలవాలంటే పుస్తకం కావాలి. పుస్తకం వేద్దామని సంఘం తీర్మానించింది. కర్నూలులో తెలుగు అచ్చు ఉన్న ప్రెస్సువాళ్ళు, కన్నడమూ ఉర్దూ మాకొద్దు, శుభ్రంగా తెలుగులో రాసి పంపమన్నారు. అలా అందరి రాతా క్యాంపు రైతు చేతికి వచ్చింది. కోతలైపోయిన రోజులు. మధ్యాహ్నాలు సైకిలు మీద వచ్చి మా వసారాలో చాప మీద కూర్చునేవారు. ఒక్కొక్కరూ చెబుతుంటే ఆయన రాసేవారు. గిర్దావరు గారి చూపు కుడి నుంచి ఎడమకు, ఈయన చెయ్యి ఎడమ నుంచి కుడికి. ఇద్దరూ ఎక్కడో మధ్యలో కలుసుకుంటున్నారని నేను అనుకున్నాను.

కలుసుకోలేదు. రైతు మనసు మంచిది. అచ్చులో పడే మాట పదిమందిలోకి వెళ్ళే మాట, దానికి మంచి బట్ట కట్టాలని ఆయన నమ్మకం. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుకుంటూ పోయారు. అడిగితే దాచేవారు కాదు, ఎవరూ అడగలేదు. మా ఆయన వెన్నెలకు అప్పటికే మంచి బట్ట ఉంది కనుక దాన్ని ముట్టుకోలేదు. దర్జీ పాటలు దిద్దారు గానీ దర్జీ అచ్చును ఎన్నడూ లక్ష్యపెట్టలేదు, పాడేటప్పుడు తనదే పాడుకున్నాడు.

పుస్తకం వచ్చింది. పత్తి మిల్లు షెడ్డులో సభ పెట్టారు. రైతుకు తెలిసిన కాలేజీ ఉపన్యాసకులు ఒకరు కోస్తా నుంచి అధ్యక్షులుగా వచ్చారు. గిర్దావరు గారు ఇస్త్రీ చేసిన పాత షేర్వానీ తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నారు. పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, ఎవరైనా కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఎవరి కోసమని మా ఆయన అడిగితే వస్తది లే అన్నారట. నాకు అప్పుడే భయం వేసింది.

అధ్యక్షులు పుస్తకమంతా తిరగేసి, ఇందులో ఆణిముత్యం ఇది అని గిర్దావరు గారిదే చదివారు. గంభీరమైన గొంతు. "ఏమండీ, ప్రభుత్వ భూములన్నీ కొలిచిన మీకు ఇంటిలోని జొన్నలను కొలవడం చేతకాదా అండీ?" సభ చప్పట్లు కొట్టింది. కన్నడ సీమలో ఇంత స్వచ్ఛమైన తెలుగు ఇల్లాలు ఉండడం మన అదృష్టమని అధ్యక్షులు అన్నారు. గిర్దావరు గారు వెనక్కి తిరిగి చూశారు, ఆ ఇల్లాలు ఎవరో సభలో ఉన్నదేమోనన్నట్టు.

శాలువా కప్పాక మాట్లాడమన్నారు. ఆయన లేచి నెమ్మదిగా అన్నారు. "బాగ చదివిన్రు. ఆ అమ్మ ఎవరో గాని శాన మర్యాదస్తురాలు. మా ఇంటామె గాదు."

షెడ్డు షెడ్డంతా విరగబడి నవ్వింది. అధ్యక్షులు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. నవ్వనివాళ్ళం ఇద్దరమే, నేనూ, క్యాంపు రైతూ. గిర్దావరు గారు శాలువా మడిచి ఆ ఖాళీ కుర్చీలో పెట్టి, కర్ర తీసుకుని వెళ్ళిపోయారు. తర్వాత సంఘం కూడినప్పుడు రాలేదు. బజ్జీలు చేశాను, అయినా రాలేదు.

రైతు వచ్చారు. ఒగ్గరణి ముట్టుకోకుండా చాలాసేపు సైకిలు తాళం తిప్పుతూ కూర్చున్నారు. "ఆయన్ని నలుగురిలో పెద్ద చేద్దామనుకున్నానండీ" అని మా ఆయనతో మొదలుపెట్టారు. మా ఆయన, మీ భాషే గదా ప్రమాణం అని ఏదో ఊరడించబోయారు. రైతు తల అడ్డంగా ఊపారు. "మా అమ్మ నన్ను అన్నానికి ఎలా పిలిచేదో తెలుసాండీ? ఒరేయ్ దున్నపోతా, కంచం చల్లారిపోతోందిరా అనేది. దాన్ని ఎవడైనా కుమారా భోజనానికి రమ్ము అని దిద్దితే నేను ఊరుకుందునా?" అని తనకు తానే తీర్పు చెప్పుకుని, ఆ పూటే గిర్దావరు గారి ఇంటికి వెళ్ళారు.

తలుపు దగ్గర ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు ఇద్దరూ కలిసి మా వసారాకు వచ్చారు. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి రైతు ప్రతి మాటా బయటికి పలికి రాయాలని గిర్దావరు గారి షరతు. వరన్నం తిన్న ఆ నోటికి జొన్నరొట్టె మాట తిరగలేదు. శాతకాదా అనమంటే చేతకాదా అనేవారు, మళ్ళీ అనమంటే చివర అండీ కలిపేవారు. గిర్దావరు గారికి విసుగొచ్చి, "కాల్వ సావుకారూ, నోట్ల నీళ్ళు ఎక్కువైనయి నీకు. జర ఎండబెట్టు" అన్నారు. దర్జీ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ ముసలాయన అచ్చం తన భార్యలాగే తిడుతున్నారని నాకు అనిపించింది. రైతు తలవంచి రాసుకున్నారు.

ఆ పేజీలు మాత్రం కర్నూలులో మళ్ళీ అచ్చువేయించి తెచ్చి పాతవాటి మీద అతికించాం. నేను గిన్నెడు మైదా బంక కాచాను. దర్జీ తన కత్తెరతో అంచులు కత్తిరించాడు. మా ఆయన కార్యదర్శి కనుక పర్యవేక్షించారు.

మొదటి పుస్తకం ఆరాక గిర్దావరు గారు దాన్ని నా చేతికిచ్చారు. "సావుకారు మీద నమ్మకం లేక గాదు. నువ్వు సదువు బిడ్డా" అన్నారు. కూడబలుక్కుంటూ చదివాను. ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. నాది చదువు కాదు, నడక నేర్చుకునే పిల్ల అడుగులు. అయినా జొన్నల మాట దగ్గరికి వచ్చేసరికి నాలుక దానంతటదే పరిగెత్తింది. "ఓ మనిషీ..." అన్నాను.

"వస్తున్ననే. జర నిమ్మలం" అన్నారు గిర్దావరు గారు కళ్ళు తెరవకుండానే.

రైతు లేచి వెళ్ళి, గారూ అని పిలవకుండానే మా మేకకు నీళ్ళు పెట్టి వచ్చారు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. పుస్తకాలు కొన్ని లైబ్రరీలో ఉన్నాయి. నేను కాచిన బంక రుచిగా కుదిరినట్టుంది, అతికించిన పేజీలను పురుగులు వెతుక్కుని మరీ తిన్నాయి. అడుగున ఉన్న మర్యాదస్తురాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ మధ్య కాలేజీ పిల్ల ఒకతె వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజుల్లో ఈ జిల్లా ఆడవాళ్ళు భర్తలతో ఎంత మర్యాదగా మాట్లాడేవారో తన వ్యాసంలో రాస్తోందట. ఆణిముత్యం దొరికిందని సంబరపడింది. ఒగ్గరణి పెట్టి, జొన్నల మాట ఆవిడ అన్నది అన్నట్టు చెప్పాను. పిల్ల నవ్వుతూ గబగబా రాసుకుంది. ఎందుకో అనుమానం వచ్చి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. 'ఇంటిలో జొన్నలు' అని ఉంది.

"'ఇంట్ల' అంటి బిడ్డా" అన్నాను.

కొట్టేసి మళ్ళీ రాసింది. ఈసారి సిరా ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను.