జనరల్ గారి బహువచనం

డెబ్భైల చివర్లో, అమెరికాలోని నోవై ఊళ్ళో మా పక్కింట్లో ఒక జర్మన్ పెద్దావిడ ఉండేవారు. నా లెక్కలో మామ్మగారు. ఆవిడ తండ్రి రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పనిచేసిన జనరల్. కాలేజీలో చేరిన మనవరాలు, ముత్తాత యుద్ధంలో ఏం చేశాడని ఉత్తరం రాసిందట. "అబద్ధం లేకుండా రాసి పంపాలి. టైప్ చేసి పెడతావా?" అని అడిగారు. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు, బయట చూస్తే మోకాలి లోతు మంచు. ఎగిరి గంతేశాను.

ఆవిడ చెబుతుంటే గబగబా తెలుగులో రాసుకుని, ఇంటికొచ్చి మావారి టైప్‌రైటర్ మీద ఇంగ్లీషులో కొట్టేదాన్ని. మొదటి యుద్ధంలో కుర్ర లెఫ్టినెంటు, కాలికి తూటా. తర్వాత గుర్రపు దళం. సెలవులకొస్తే కూతురి జడలు తనే అల్లేవారట, బూట్లకి లేసులు బిగించినట్టు. విప్పడం ఎవరి తరమూ కాదట. మా నాన్నగారు నా జడ ముట్టుకుంటే ఒట్టు! ఈ జనరల్ గారంటే నాకు భలే ఇష్టం పుట్టింది.

రెండో యుద్ధానికొచ్చేసరికి మామ్మగారి గొంతు తగ్గిపోయింది. రష్యాలో ఒక ఊరిని తగలబెట్టమని జనరల్ గారే ఆర్డరిచ్చారు. తలెత్తకుండా రాసుకున్నాను.

వారం తర్వాత నేను కొట్టిచ్చిన కాగితాలన్నీ చదివి, మామ్మగారు కళ్ళజోడు తీశారు.

"అంతటా 'దే' అని ఉంది. ఎవరు వీళ్ళంతా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నాన్నగారు వచ్చారు, నాన్నగారు అన్నారు అని రాసుకున్నదాన్ని బహువచనంతో సహా ఇంగ్లీషులోకి దింపేశాను!

"మా భాషలో పెద్దవాళ్ళు ఒక్కరైనా అలాగే అంటామండీ, గౌరవం," అని నసిగాను. "ఇటివ్వండి, మళ్ళీ కొడతాను."

ఆవిడ ఇవ్వలేదు. ఊరిని తగలబెట్టిన పేజీ వెతికి తీశారు.

"ఎంత హాయిగా ఉందో చూడు," అన్నారు. "ఇన్నేళ్ళూ నేనూ ఇలాగే చెప్పుకున్నాను. ఎవరో వాళ్ళు తగలబెట్టారని."

పెన్ను తీసుకుని అక్కడ 'దే' కొట్టేసి, పైన 'హీ' అని రాశారు. రెండక్షరాల మాటకి అంతసేపు పట్టింది. నాకు ఏడుపొచ్చేసింది.

"మరి మిగతావి?" అన్నాను.

మామ్మగారు మిగతా కాగితాలు నాకిచ్చారు. "అన్నీ మార్చు. జడలల్లిన చోట మాత్రం మీ గౌరవం అలాగే ఉండనీ."