ఆకు కూలి కడియాలు

మనవరాలి పెళ్లికి ఎవరు ఏ రంగు కట్టాలో ఫోన్‌లో వచ్చింది. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఇంకొకరితో చదివించుకునే అలవాటు ఎప్పుడో మానేశాను. కూడబలుక్కుంటూ చదివాను. పెళ్లికూతురికి లేత గులాబీ. చుట్టాలకు పిస్తా రంగు. నానమ్మకు మీగడ రంగు.

మీగడ రంగంటే తెలుపే. పేరు మార్చారు, అంతే.

మా ఆయన పోయినప్పటి నుంచి పెళ్లిళ్లలో నా చోటు వంటల దగ్గర. తాళి కట్టే వేళకు ముందుకు రావద్దని నోటితో ఎవరూ అనరు, చూపుతోనే జరిపేస్తారు. ఈ పిల్ల నా చేతుల్లో పెరిగింది. దీని తలమీద మాత్రం అక్షింతలు వేసి తీరాలనుకున్నాను.

పెళ్లి ఇంకా వారం ఉందనగా కోడలు ఖమ్మం నుంచి మేకప్ చేసే అమ్మాయిని తీసుకొచ్చింది. ఆ అమ్మాయి కళ్లు నా కాళ్ల మీద పడ్డాయి. కింద కూర్చుని కడియాలను ఫొటో తీసుకుంది.

"వింటేజ్ పీస్ ఆంటీ ఇవి. కిరాయికి దొరికేటివన్నీ రేకువే" అంది మా కోడలితో.

కోడలు నా పక్కన చేరింది. "అత్తమ్మా, ఒక్క పూటకు పిల్లకియ్యరాదు. గులాబీ చీర మీద మస్తుగుంటయట."

"మరి నేనేం పెట్టుకోవాలె?"

"నువ్వు వెనక కూసుంటవు గదా. నీ కాళ్లెవరు జూస్తరు?"

"ముందుకే వస్తా. అక్షింతలేస్తా. ఇవి పెట్టుకునే వస్తా."

కోడలు గొంతు తగ్గించింది. "పిలగాని తరపోళ్లకు పట్టింపులెక్కువ. గట్లొస్తే అశుభమనుకుంటరు."

"నా కాళ్లకుంటే అశుభం, దాని కాళ్లకుంటే ఫ్యాషనా? వెండి అదే గదనే."

మేకప్ అమ్మాయి ఫోన్ చూసుకుంటూ వాకిట్లోకి నడిచింది.

ఆ కడియాలు ఎవరూ పెట్టినవి కావు. పెళ్లి కాకముందు, ఎండాకాలమంతా అమ్మతో కలిసి అడవిలో బీడీలు చుట్టే తునికాకు కోసేదాన్ని. ఆ కూలితో కారేపల్లి కంసాలి దగ్గర చేయించుకున్నాను. కొత్తలో చీలమండలు ఒరుసుకుపోతే గుడ్డపీలికలు చుట్టుకుని నడిచాను. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన పోయినప్పుడు ఆడవాళ్లు నా గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు. ఊరుకున్నాను. వాళ్ల చెయ్యి కడియాల మీదికి రాగానే కాళ్లు ముడుచుకున్నాను.

"ఇవి ఆయన పెట్టినయి కావు. ఆయనతోని పోవు" అన్నాను.

మొగుడు పోయిన బాధకన్నా వెండి మీద ప్రేమే ఎక్కువుందన్నారు. అననిచ్చాను.

సాయంత్రం మనవరాలే వచ్చింది. "నాకు కిరాయివి చాలు నానమ్మా, అవి నువ్వే పెట్టుకో. చీర మాత్రం క్రీమ్ కలరే కట్టు. ఫొటోలు పాడైతయి."

"ఎర్రది కడతా."

"అందరి నడుమ నువ్వొక్కదానివే కండ్లకు కొడతవే."

"కొట్టనీ. నా పెండ్లికి పసుపు నీళ్లల్ల ముంచిన చీర కట్టిన. ఆమడ దూరం నుంచి కూడా ఎవరు పెండ్లిపిల్లో తెలిసేది. మీ ఫొటోలల్ల ఎవరు ఎవరో ఎట్ల తెలుస్తదో నాకైతే సమజ్ గాదు."

దానికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. సరేనని మాత్రం అనలేదు.

పెళ్లి కొత్తగూడెంలో, ఫంక్షన్ హాల్లో. పచ్చంచు ఎర్రచీర కట్టి, కడియాలు తోముకుని వెళ్లాను. తాళి కట్టగానే మండపం మెట్లెక్కాను. పిలగాని తల్లి నా కాళ్ల వైపు చూసి ముఖం తిప్పుకుంది. ఫొటోగ్రాఫర్ చెయ్యి ఊపాడు.

"పెద్దమ్మా, జర పక్కకు జరుగు. కలర్ మ్యాచ్ అయితలేదు."

"నువ్వే జరుగు కొడుకా. నీ కెమెరా అడ్డమొచ్చి నా పిల్ల కనపడ్తలేదు."

జరిగాడు. పిల్ల తల వంచింది. గుప్పెడు నిండా వేశాను. మా కోడలు అప్పగింతల దాకా నాతో మాట్లాడలేదు.

మొన్న ఆల్బమ్ వచ్చింది. అన్నీ రంగుల ఫొటోలే. నేను అక్షింతలు వేస్తున్న ఒక్కటి మాత్రం నలుపు తెలుపులో ఉంది. ఎందుకని అడిగాను.

"వింటేజ్ లుక్ అత్తమ్మా. ఇప్పుడు గట్లనే చేస్తున్నరు" అంది కోడలు.

ఆ ఆల్బమ్‌ను అట్టపెట్టెలో పెట్టి ఫొటోగ్రాఫర్‌కే తిప్పి పంపాను. ఎర్రచీర ఎర్రగా ఉంటేనే ఈ గడప దాటి లోపలికి రానిస్తానని చెప్పించాను. ఆల్బమ్ లేకపోతే చుట్టాలకు ఏం చూపించాలని కోడలు గొణుగుతోంది. నన్ను చూపించమన్నాను.