కొత్త క్లచ్ ప్లేటుకు నేను పెట్టిన బొట్లు

మా చిన్నప్పుడు... లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందు కారు ఇటుకల మీద నిలబడిందంటే ఆ ఆదివారం గల్లీకంతా తమాషాయే. కారు కింద పడుకున్న మా బాపువి రెండు కాళ్ళు మాత్రమే బయటికి కనిపించేవి. "పానా ఇటియ్యి... గది కాదే, పెద్దది!" అని లోపలి నుంచి ఒకటే కేకలు.

మాది పాత అంబాసిడర్. బాపు పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పేవాడు. ఇల్లంతా దాని మీదే నడిచేది. ఒకసారి దాని క్లచ్ అరిగిపోయింది. కంపెనీ ప్లేటు కొనే తాహతు మాకెక్కడిది... బాపు చిన్ననాటి దోస్తు ఖాజా చాచాకు కారు సామాన్ల దుకాణం ఉండేది. ఆయనే ఒక లోకల్ ప్లేటు ఏరి ఇంటికి తెచ్చాడు.

"కంపెనీది కాదు గానీ మజ్బూత్ ఉన్నది. నాది జిమ్మా యాదగిరీ, ఏమన్నయితే నన్నడుగు" అన్నాడు బాపుతో. దాన్ని నా చేతిలో పెడుతూ, "బిడ్డా, దీనికి నూనె తాకనియ్యకు, ఖరాబైతది" అని మరీ మరీ చెప్పాడు.

మా ఇంట్లో కొత్తది ఏదొచ్చినా బొట్టు పెట్టనిదే వాడరు. కుక్కరైనా అంతే, సైకిలైనా అంతే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. బాపు చాయ్ తాగుతుంటే, దేవుడి గూట్లోంచి హనుమాన్ గుడి సిందూరం తెచ్చి ప్లేటుకు రెండు వైపులా ఐదేసి బొట్లు పెట్టాను. ఆ సిందూరం నూనెలో కలిపిందే... కానీ దేవుడి బొట్టు నూనె ఎలా అవుతుంది? నా తెలివి అంతవరకే. ఇంతలో బాపు దగ్గు వినిపించింది. ముట్టినందుకు తిడతాడని లంగా అంచుతో గబగబా తుడిచేశాను. ప్లేటు రంగు కూడా ఎర్రమట్టి రంగే... బాపు చూసుకోకుండా బిగించేశాడు.

మర్నాడే పెళ్ళి కిరాయి. ముందు సీట్లో నేనూ ఉన్నాను. బాపు క్లచ్ వదలగానే కారు మొత్తం గడగడా వణికింది. పెళ్ళికొడుకు తలపాగా జారి ఒళ్ళో పడింది. బ్యాండు వాళ్ళలో ఒకడు, "ఏందన్నా, కారుకు చలిజ్వరమొచ్చిందా?" అన్నాడు. ఒకటే నవ్వులు... బాపు ముఖం మాడిపోయింది.

తిరిగొస్తూ నేరుగా చాచా దుకాణం ముందు ఆపాడు. గిరాకీల ముందే, "దోస్తువని నమ్మితే డూప్లికేట్ మాల్ అంటగడ్తవా? గిదేనా నీ జిమ్మా?" అని లొల్లి లొల్లి చేశాడు. చాచా మాత్రం, "పొద్దున నేనే వచ్చి చూస్త" అన్నాడంతే.

అన్నట్టే వచ్చాడు. గేర్‌బాక్స్ దింపి ప్లేటు బయటికి తీశాడు. ఎండలో తిప్పి తిప్పి చూశాడు. రివెట్ల గుంటల్లో గోరుతో గీరాడు. గోటికి సిందూరం అంటింది. వాసన చూశాడు... తలెత్తి నా వైపు చూశాడు.

నా బొట్ల నూనే కారును వణికించిందని నాకు అప్పుడే అర్థమైంది. తల దించుకున్నాను.

"ఏమాయె? డూప్లికేటేనా?" అని బాపు గద్దించాడు.

కోపమొస్తే బాపు చెయ్యి ఎంత జోరో చాచాకు తెలుసు. గోటికంటిన సిందూరాన్ని గుడ్డకు తుడిచేశాడు. "అవ్ యాదగిరీ... మాలే ఖరాబున్నది. గల్తీ నాదే" అన్నాడు.

ప్లేటును నొక్కి పట్టే ఇనుప చక్రాన్ని గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలుతో తుడిచి, తన దుకాణం నుంచి తెచ్చిన ఇంకో ప్లేటు బిగించాడు. కారు మెత్తగా కదిలింది. బాపుకు ఇంకేం సాక్ష్యం కావాలి? అడ్డా మీద ప్రతి డ్రైవరుకూ చెప్పాడు... ఖాజా దగ్గర కొనకుండ్రి అని. దోస్తులిద్దరికీ మాటల్లేవు. రంజాన్‌కు చాచా ఇంటి నుంచి మాకొచ్చే షీర్‌ఖుర్మా గిన్నె బందయింది.

నిజం చెప్పనా? ఆ రోజు నాకు బాధ కలగలేదు. దెబ్బలు తప్పాయని సంబరపడ్డాను. థూ నా బతుకు... అది తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది.

పోయిన వారం చార్మినార్ దగ్గర గాజులు కొంటుంటే ఒక ముసలాయన ఆగి నన్నే చూశాడు. "యాదగిరి బిడ్డవు గదా? బాపు మంచిగున్నడా? ఇంకా నా మీద గుస్సాగనే ఉన్నడా?"

"లేదు చాచా... ఎప్పుడో మర్చిపోయిండు" అన్నాను. అబద్ధం. బాపు ఇప్పటికీ ఆయన పేరు ఎత్తితే ముఖం తిప్పుకుంటాడు. అది జరిగి నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నా నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "ఖుష్ రహో" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు గల్లీలో ఎవరూ కారు విప్పుకోరు. ఫోన్ చేస్తే షెడ్డు వాళ్ళే వచ్చి తీసుకుపోతారు... ఎవరి తప్పు ఎవరూ నెత్తిన వేసుకోవాల్సిన పనే లేదు. మీ తప్పును కూడా ఎవరైనా అలా మోశారా? ఉంటే కింద రాయండి... నేను ఒక్కదాన్నే కాదనిపిస్తుంది.

బాపూ... నువ్వు రోజూ పొద్దున ఫోన్‌లో నా రాతలన్నీ చదువుతవని నాకు తెలుసు. ఎదురుగ చెప్పే ధైర్యం లేక ఈడ రాస్తున్న. ఆ ప్లేటు మంచిదే ఉండె. ఖరాబు చేసింది నేను. చాచాకు ఎరికే.

చెప్పులేస్కో బాపూ... నేను ఆటో తీస్కొని వస్తున్న. ఆయన ఇంటికి పోదాం.