బొంగ్‌సున్ అక్క షష్టిపూర్తి

సియోల్‌లో సంత వెనక సందులో, ఎముకల పులుసు అమ్మే హోటల్లో, పదకొండేళ్ళపాటు అందరూ బొంగ్‌సున్ అని పిలిచిన మనిషి అసలు పేరు హేరన్. బొంగ్‌సున్ ఆమె పక్కింటావిడ. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది.

వాళ్ళ ఊరు తుమెన్ నదికి చైనా వైపు ఒడ్డున ఉండేది. తాతల కాలంలో నది దాటి వెళ్ళి స్థిరపడ్డ కొరియన్ల ఊరు. మాట కొరియన్, కాగితం చైనాది. సియోల్ తలుపులు కాస్త తెరిచారని విని హేరన్ కూడా సొంత పేరుతోనే అర్జీ పెట్టుకుంది. అప్పట్లో అనుమతి పెద్ద వయసు వాళ్ళకే. నలభై ఏళ్ళకు నువ్వింకా చిన్నదానివని తిప్పికొట్టారు. అదే చలికాలంలో బొంగ్‌సున్‌కు సియోల్‌లోని బంధువుల నుంచి పిలుపు వచ్చింది. ప్రయాణం కట్టేలోపే ఊపిరితిత్తుల జబ్బుతో ఆవిడ కన్నుమూసింది. చావును ఎవరూ నమోదు చేయించలేదు. ఆ కాగితాలు దళారి చేతికి వెళ్ళి, హేరన్ ఫోటో అంటించుకుని తిరిగొచ్చాయి. ఓడ ఎక్కిననాడు హేరన్ వయసు ఒక్కసారిగా తొమ్మిదేళ్ళు పెరిగింది. ఏళ్ళకు జంతువుల పేర్లు పెట్టే అక్కడి లెక్కలో, ఎద్దు సంవత్సరంలో పుట్టిన మనిషి డ్రాగన్ సంవత్సరం మనిషయింది.

హోటల్లో మొదటి రోజు వంటామె జంసుక్ అడిగిన మొదటి ప్రశ్న వయసే. అది తెలియకపోతే అక్కడ ఎవరు ఎవరిని ఎలా పిలవాలో తేలదు. హేరన్ కాగితంలోని సంవత్సరం చెప్పింది. జంసుక్ వేళ్ళ మీద లెక్కేసుకుని, "అయితే నాకన్నా నాలుగేళ్ళు పెద్దదానివి. అక్కా అంటాలే. మొహం చూస్తే అలా లేదు, మీ ఊరి నది నీళ్ళు మాకూ రెండు బిందెలు తెప్పించు," అంది. నిజానికి జంసుకే ఆమెకన్నా అయిదేళ్ళు పెద్దది.

అప్పటినుంచి జంసుక్ భోజనం దగ్గర, పెద్దవాళ్ళకు చేసినట్టు, ముందుగా హేరన్ చెంచా పెట్టి తర్వాత తనది పెట్టుకునేది. బరువు గిన్నెలు తనే ఎత్తేది. పని ముగిశాక బియ్యపు సారా తాగేటప్పుడు, పెద్దవాళ్ళ ఎదుట తాగే పద్ధతిలో మొహం పక్కకి తిప్పుకుని తాగేది. మొదట్లో హేరన్‌కు ఒళ్ళు కంపరమెత్తేది. తర్వాత అలవాటయింది. అలవాటయినందుకు భయమేసేది.

కాగితం లెక్కన ఆమెకు అరవై నిండే డ్రాగన్ సంవత్సరం వచ్చింది. ఆ వసంతంలోనే సంత గోడమీద ఒక ప్రకటన అంటించారు. ఇకమీదట అనుమతి పొడిగించేటప్పుడు మొహాలను పాత అర్జీల ఫోటోలతో యంత్రం పోల్చి చూస్తుందట. పరాయి పేరుతో వచ్చినవాళ్ళు నెలాఖరులోగా తామే వచ్చి ఒప్పుకుంటే వాళ్ళ సంగతి ఆలోచిస్తారట. పట్టుబడితే మాత్రం మళ్ళీ ఈ నేల తొక్కనివ్వరు. హేరన్ సొంత పేరుతో పెట్టిన అర్జీ, దానికి అంటించిన ఫోటో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. ఆమె అనుమతి గడువు ఆ నెల చివరి సోమవారం.

మధ్యాహ్నం భోజనానికొచ్చే టాక్సీ డ్రైవరొకడు ఆ ప్రకటన సంగతి ఎత్తాడు. దొంగ కాగితాల వాళ్ళ మీద జాలి చూపితే వరసలో నిలబడ్డవాడు వెర్రివాడా అన్నాడు. ముల్లంగి ముక్కలు కోస్తున్న జంసుక్ తలెత్తకుండానే, "అంతేగా మరి. మా అక్క చూడు, సక్రమంగా వచ్చింది, తలెత్తుకుని బతుకుతోంది," అంది. హేరన్ పులుసు గిన్నె డ్రైవరు ముందు పెట్టి, ఖాళీ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

వెళ్ళిపోదామంటే ఊళ్ళో ఎవరున్నారు? భర్త పోయాడు. ఇంటి కప్పు కూలిందని ఎవరో చెప్పారు. ఊరు ఊరంతా ఇటే వచ్చేసింది. ఆమెకంటూ మిగిలింది ఆ వంటగది, అందులో జంసుక్. నోరు విప్పితే అవి పోతాయి, విప్పకపోతే దేశం పోతుంది. వేళ్ళమీద లెక్కపెట్టేన్ని రోజులే మిగిలాయి.

గడువుకు ముందు రోజు ఆదివారం, హోటలుకు సెలవు. కత్తులు సానపట్టాలి రమ్మని జంసుక్ కబురంపింది. వెళ్ళేసరికి బల్లలన్నీ కలిపి వేసి ఉన్నాయి. వాటిమీద ఆపిళ్ళు, ఖర్జూరాలు, బియ్యపు రొట్టెలు గోపురాల్లా పేర్చి ఉన్నాయి. బొంగ్‌సున్ అక్క షష్టిపూర్తి. హోటల్ యజమాని, సంతలో చేపలమ్మే ఆడవాళ్ళు, ఆ టాక్సీ డ్రైవరు, అందరూ వచ్చారు. ఆమెను పీట మీద కూర్చోబెట్టారు. అది చనిపోయిన మనిషి పండగ. ఆ పళ్ళు ఆమె సమాధి ముందు పెట్టాల్సినవి.

జంసుక్ గులాబీరంగు పట్టుబట్టలు కట్టుకుని ముందుకొచ్చింది. అరిగిపోయిన మోకాళ్ళు. బల్ల అంచు పట్టుకుని ఒక కాలు వంచింది, రెండోది వంచబోయింది. నుదురు నేలకు ఆనించి మొక్కడానికి.

హేరన్ పీటమీంచి దిగి ఆమె భుజాలు పట్టుకుంది.

"మొక్కకు. నువ్వే పెద్దదానివి. నాకు యాభై ఒకటే. నేను బొంగ్‌సున్‌ని కాను."

హేరన్ అంతా చెప్పింది, దళారి దగ్గర్నుంచి రేపటి యంత్రం వరకు. టాక్సీ డ్రైవరు గ్లాసు కింద పెట్టి, చెప్పులు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. జంసుక్ నేలమీదే కూర్చుండిపోయింది.

"పదకొండేళ్ళు," అంది. "పదకొండేళ్ళు ఆ పెద్ద గిన్నె నా చేత ఎత్తించావే."

మర్నాడు పొద్దున హేరన్ అనుమతులిచ్చే కార్యాలయం మెట్ల దగ్గరికి చేరేసరికి జంసుక్ అక్కడ నిలబడి ఉంది. రెండడుగులు ముందు నడిచింది. లోపల ఉద్యోగిని వేలిముద్రలు తీసుకుని, సంతకం సొంత పేరుతో పెట్టమంది. హేరన్ కలం పట్టుకుని మొదటి అక్షరం కోసం తడుముకుంది. వెంట వచ్చిన మీరు ఏమవుతారని ఉద్యోగిని జంసుక్‌ను అడిగింది.

"ఇది చేసింది తప్పే. కాదని నేను చెప్పను," అంది జంసుక్. "కానీ పదకొండేళ్ళు దీని పక్కన నిలబడి వండాను. ఆ వంటలో దొంగతనం లేదు. అది కూడా రాసుకోండి."

ఉద్యోగిని రాసుకుందో లేదో తెలియలేదు. నెలరోజుల్లో దేశం విడిచి వెళ్ళాలి, అక్కడినుంచి సొంత పేరుతో అర్జీ పెట్టుకోవాలి, రానిచ్చేదీ లేనిదీ తర్వాత తేలుస్తాం అని మాత్రం చెప్పింది.

హోటలుకు తిరిగొచ్చారు. నిన్నటి పళ్ళ గోపురాలు అలాగే ఉన్నాయి. జంసుక్ బల్ల ముందు కూర్చుని, కదలకుండా చూస్తూ ఉండిపోయింది. ఆమె దేనికోసం చూస్తోందో హేరన్‌కు కాస్త ఆలస్యంగా తట్టింది. లేచి ముందు జంసుక్ చెంచా పెట్టింది, తర్వాత తనది. రెండు చేతులతో బియ్యపు సారా పోసింది.

జంసుక్ ఎదురుగా చూస్తూ, మొహం తిప్పకుండా తాగింది. తాగి, హేరన్ గిన్నె నింపి ముందుకు తోసింది.

"హేరన్," అంది, ఆ పేరు నోట్లో పడుతుందో లేదో చూసుకుంటున్నట్టు. "తాగవే."

హేరన్ గిన్నె అందుకుని, చిన్నవాళ్ళు తాగే పద్ధతిలో మొహం పక్కకి తిప్పుకుంది. అటు తిరిగినది చాలాసేపు ఇటు తిరగలేదు.